యూనియన్ మహాసభలో, ఎన్నికల్లో ఎలా పాల్గొనాలి?

హైదరాబాద్‌లో యూనియన్ మహాసభ అంటే చాలామందికి గుర్తొచ్చేది ఇంతే: బాగ్‌లింగంపల్లి వైపు ఓ హాలు, జెండా ఆవిష్కరణ, ఉపన్యాసాలు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం చదివిన కొత్త కమిటీ పేర్లకు చప్పట్లు. కానీ ఆ పేర్లు చాలావరకు ఖరారయ్యేది అంతకుముందే, మీ డిపోలోనో ఫ్యాక్టరీ గేటు దగ్గరో జరిగే బ్రాంచి మీటింగులో. డ్యూటీ దిగి అలసిపోయామని మనం ఎగ్గొట్టేది సరిగ్గా ఆ మీటింగునే.

ముందు యూనియన్ చందా రసీదు తీసి చూసుకోండి. జీతంలోంచి చందా కోత పడుతోందిలే అని ధీమాగా ఉండకండి, జాబితాలో పేరు లేకపోతే ఓటూ లేదు. సభ్యుల జాబితా, లెక్కల పుస్తకాలు చూసుకునే వీలు సభ్యులకు ఉండాలని 1926 ట్రేడ్ యూనియన్ల చట్టమే చెప్పింది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌ కూడా అదే చెబుతోంది. కాబట్టి మొహమాటపడకుండా అడగండి.

తర్వాత మీ యూనియన్ నిబంధనావళి కాపీ సంపాదించండి. కోరం (మీటింగు చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు) ఎంత, ఎంతమందికి ఒక డెలిగేటు (మహాసభకు వెళ్లే ప్రతినిధి), నామినేషన్ గడువు ఎప్పటిదాకా, ఓటింగు చేతులెత్తా బ్యాలెట్టా అన్నవి అందులోనే ఉంటాయి. చట్టం పెట్టిన హద్దులూ కొన్ని ఉన్నాయి: కమిటీ పదవీకాలం మూడేళ్లు దాటకూడదు. పదవికి నిలబడేవాళ్లకు 18 ఏళ్లు నిండాలి. సంఘటిత రంగంలో బయటి నాయకులు, అంటే ఆ సంస్థలోనో పరిశ్రమలోనో పనిచేయనివాళ్లు, ఆఫీస్ బేరర్లలో (యూనియన్ పదవుల్లో ఉన్నవాళ్లలో) మూడో వంతుకో అయిదుగురికో, ఏది తక్కువైతే దానికి మించకూడదు. మంత్రులైతే కమిటీలో అసలు ఉండకూడదు.

ఒక మాట, సింగరేణిలో 2023 డిసెంబరు 27న జరిగినవి గుర్తింపు ఎన్నికలు. కార్మికుల తరఫున మాట్లాడే యూనియన్ ఏదో తేల్చేవి అవి. మనం చెప్పుకుంటున్నవి యూనియన్ లోపలి ఎన్నికలు, రెండూ కలపకండి.

ఇక బ్రాంచి మీటింగు. డెలిగేట్లను ఎన్నుకునేది ఇక్కడే, కాబట్టి పోవాలనుంటే "నేనూ పోతా" అని నోరు తెరిచి చెప్పాలి, ప్రతిపాదించేవాళ్లనీ బలపరిచేవాళ్లనీ ముందే మాట్లాడి పెట్టుకోవాలి. క్యాంటీన్ గురించో కాంట్రాక్టు కార్మికుల బోనస్ గురించో తీర్మానం కావాలంటే ఇక్కడే రాయించి పంపండి, మహాసభ రోజు లేచి చెబితే "టైం లేదు కామ్రేడ్" అంటారు.

మహాసభలో బాగా చదవాల్సింది కార్యదర్శి నివేదిక, ఆడిట్ లెక్కలు. "ఇతర ఖర్చులు" అన్న పద్దు దగ్గర ఒక్క క్షణం ఆగండి. చర్చలో మీకు దొరికేది మూడు నాలుగు నిమిషాలే, అందుకని ఒకే విషయం పట్టుకోండి. సవరణ ఉంటే చీటీ మీద రాసి, కింద డెలిగేట్ నంబరు వేసి వేదిక మీద సభ నడిపే అధ్యక్షవర్గానికి ఇవ్వండి. నోటితో చెప్పింది సభ రికార్డైన మినిట్స్‌లోకి ఎక్కుతుందని నమ్మకం లేదు.

ఎన్నిక ఘట్టం తరచూ సాయంత్రం, సగం మంది బస్సు టైం చూసుకుంటుంటే వస్తుంది. పాత కమిటీ తాను తయారుచేసిన పేర్ల ప్యానెల్ చదివి "ఆమోదమేనా?" అంటుంది. పోటీ చేయాలనుకుంటే లేవాల్సింది చప్పట్లకు ముందే. ఏకగ్రీవం మంచిదే, కానీ అడగకుండా చేసింది ఏకగ్రీవం కాదు. బ్యాలెట్ జరిగితే లెక్కింపు దగ్గర మీ మనిషి ఒకరు చివరిదాకా ఉండాలి.

ఫలితం వచ్చాక ఆఫీస్ బేరర్ల మార్పు కార్మిక శాఖలో యూనియన్లను నమోదు చేసే రిజిస్ట్రార్‌కు తెలిపారో లేదో కనుక్కోండి. కార్మిక శాఖ ఆఫీసు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర టి. అంజయ్య పేరు పెట్టిన భవనంలో ఉంది, ఆల్విన్‌లో కూలీగా మొదలై యూనియన్ నాయకుడై ముఖ్యమంత్రి దాకా వెళ్లిన ఆ అంజయ్యే. ఎన్నిక మీద గొడవ ఉంటే కొత్త కోడ్ ప్రకారం వెళ్లాల్సింది సివిల్ కోర్టుకు కాదు, కార్మిక వివాదాలు తేల్చే ఇండస్ట్రియల్ ట్రిబ్యునల్‌కు. అక్కడ పనికొచ్చేవి నోటీసు, మినిట్స్ కాపీ, సభలోనే మీరు రాసిచ్చిన అభ్యంతరం మీద పడిన "ముట్టింది" సంతకం.