ఆర్డర్ మీద చేసే రియాక్టర్లు: డిజైన్ టీమ్‌ని నేను నడిపే తీరు

మాది జీడిమెట్లలో ఫార్మా కంపెనీలకు స్టెయిన్‌లెస్ స్టీల్ రియాక్టర్లు (రసాయనాలు కలిపి చర్య జరిపే పెద్ద పాత్రలు) చేసే షాపు. ఒకరికి చేసింది ఇంకొకరికి అచ్చంగా అలాగే పనికిరాదు. నా టీమ్‌లో ఆరుగురు. ఇలాంటి టీమ్‌ని కొత్తగా చేతికి తీసుకున్నవాళ్లు ఆర్డర్ రాగానే ఎవరినీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టకండి. డ్రాయింగ్ వేయబోయేవాళ్ల చేతికే టేపు ఇచ్చి సైటుకి పంపండి. మార్కెటింగ్ వాళ్లు తెచ్చిన కొలతలు చాలవు.

ఇది నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. 2,000 లీటర్ల రియాక్టర్, రెండో అంతస్తులో పెట్టాలి. లెక్కలన్నీ సరిపోయాయి, నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చూసే హైడ్రో టెస్ట్ పాసైంది, క్రేన్‌తో ఎక్కించేశారు. ఏడాది తర్వాత అజిటేటర్ షాఫ్ట్ (లోపల మెటీరియల్‌ని కలిపే పొడవాటి కడ్డీ) వంగిందని పైకి లాగితే, సగం వచ్చి పైస్లాబుకి తగిలింది. షాఫ్ట్ పొడవు మాకు తెలుసు, పైన ఖాళీ ఎంతుందో ఎవరూ అడగలేదు. దాన్ని కోసి బయటికి తీసి, కొత్తది రెండు ముక్కలుగా చేసి కప్లింగ్ వేసి ఇచ్చాం. ఖర్చు మాదే. లోపల కప్లింగ్ అంటే మెటీరియల్ ఇరుక్కునే సందు కదా, వాళ్ల క్వాలిటీ మేనేజర్ ముఖం ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి పైన ఎత్తు, తలుపు వెడల్పు, స్లాబులో కటౌట్, హాయిస్ట్ హుక్ ఎత్తు, మ్యాన్‌హోల్ తెరిచే మనిషి ఎక్కడ నిలబడతాడు, ఇవన్నీ రాసుకుని రాకపోతే మళ్లీ పంపుతాను.

ఒక ఆర్డర్ సైటు కొలతల నుంచి డిస్పాచ్ దాకా ఒక్కరిదే. ముక్కలు చేసి నలుగురికి పంచితే నాజిల్ (పైపు తగిలించే మూతి) ఒకరిది, సపోర్ట్ ఇంకొకరిది, తప్పు ఎవరిదీ కాదు. లెక్కలు చెక్ చేసేవాళ్లు మాత్రం వేరే మనిషి ఉండాలి, మొదటివాళ్ల షీట్ చూడకుండా తమంతట తాము వేయాలి. షెల్ (పాత్ర గోడ) మందం లెక్కలో జాయింట్ ఎఫిషియెన్సీ, అంటే ప్లేటు బలంలో వెల్డ్‌కి ఎంత బలం లెక్కేయాలన్న అంకె, 1 అని పెట్టేసి, కొటేషన్‌లో స్పాట్ రేడియోగ్రఫీ (వెల్డ్‌కి అక్కడక్కడా ఎక్స్‌రే తీయడం) మాత్రమే రాసి ఉన్న సందర్భాలు చూశాను. ఏఎస్ఎంఈ కోడ్ (ఇలాంటి ప్రెజర్ పాత్రలకు అమెరికా ఇంజనీర్ల సంస్థ రాసిన నియమాలు) ప్రకారం అంచుకి అంచు ఆనించి రెండు వైపులా వేసిన బట్ వెల్డ్‌కి అక్కడ పడాల్సింది 0.85. అంటే ఇంకా మందమైన ప్లేట్ కావాలి. ప్లేట్ కొన్నాక ఇది బయటపడితే ఆ టెన్షన్ వేరు.

డ్రాయింగ్ కస్టమర్ అప్రూవల్‌కి పంపే ముందు వెల్డర్‌ని పిలిచి టీ ఇప్పించండి. మా పెద్ద వెల్డర్ టాప్ డిష్ (రియాక్టర్ పై మూత) డ్రాయింగ్ మీద వేలు పెట్టి, "సార్, ఈ రెండు నాజిళ్ల మధ్య టార్చి ఎట్లా పోతది?" అని అడిగిన రోజు మా కుర్రాడు చిన్నబుచ్చుకున్నాడు. ఇప్పుడు వాడే ముందుగా వెళ్లి అడిగొస్తాడు.

ఇక ఫోన్లో వచ్చే "ఒక్క చిన్న నాజిల్ కలపండి సార్". ఒప్పుకున్నా సరే, ఆ సాయంత్రమే తేదీ, ఖర్చు రాసి మెయిల్ పెట్టించండి. డ్రాయింగ్ రివిజన్ మారితే, పాత ప్రింట్ షాపు నుంచి వెనక్కి తెచ్చినవాళ్లకే కొత్తది ఇస్తాను. ఫిట్టర్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.