ఇఫ్, వెన్ వాక్యాలు ఇంగ్లీషులో తడబడకుండా రావాలంటే ఎలా సాధన చేయాలి?

"ఇఫ్ హి విల్ కమ్, ఐ విల్ టెల్ హిమ్" అనేది తప్పని గ్రామర్ చదివిన వాళ్లకు తెలుసు. అయినా మాట్లాడేటప్పుడు నోట్లోంచి అదే వచ్చేస్తుంది. ఈ షరతు వాక్యాలకు (కండిషనల్స్) గ్రామర్ పుస్తకాల్లో ఉండే జీరో, ఫస్ట్, సెకండ్, థర్డ్ అనే నాలుగు గడుల పట్టిక బట్టీ పడితే పరీక్షలో ఖాళీలు పూరించడం వస్తుంది, అంతే. ఎదుటి మనిషి సమాధానం కోసం చూస్తుంటే ఇది ఏ గడిలోకి వస్తుందా అని వెతుక్కునే టైమ్ ఎవరికీ ఉండదు. అందుకని పట్టికను కాసేపు పక్కన పెట్టండి. ఒక నోట్‌బుక్, ఫోన్‌లో వాయిస్ రికార్డర్, రోజుకో పావుగంట చాలు.

1. ముందు వెన్‌తో మొదలుపెట్టండి

చాలామంది నేరుగా ఇఫ్ దగ్గరికి వెళ్లిపోతారు. నన్నడిగితే వెన్, బిఫోర్, ఆఫ్టర్, అంటిల్, యాజ్ సూన్ యాజ్ ముందు నేర్చుకోవాలి. వీటిలో జరుగుతుందా లేదా అన్న అనుమానం ఉండదు కాబట్టి క్రియ మీదే దృష్టి పెట్టొచ్చు.

"ఇంటికి చేరగానే ఫోన్ చేస్తాను" అన్న వాక్యం చూడండి. జరగబోయే పని అని చెప్పేది చివర ఉన్న "చేస్తాను" ఒక్కటే. "చేరగానే" అన్న మాటలో ఏ కాలమూ లేదు. ఇంగ్లీషులోనూ అంతే: "యాజ్ సూన్ యాజ్ ఐ రీచ్ హోమ్, ఐ విల్ కాల్ యూ." విల్ ఒక్కసారే వస్తుంది, అదీ అసలు వాక్యంలోనే. ఇంకో ముక్కలో మామూలు ప్రెజెంట్. పని పూర్తయ్యాక అని నొక్కి చెప్పాలంటే "ఆఫ్టర్ ఐ హావ్ ఫినిష్డ్" అనొచ్చు.

రేపు మీరు నిజంగా చేయబోయే పనులు ఐదు రాసుకోండి. ఒక్కోదానికి ఒక్కో మాట తగిలించి పైకి చదవండి. తర్వాత ముక్కలు తారుమారు చేసి చెప్పండి: "ఐ విల్ కాల్ యూ యాజ్ సూన్ యాజ్ ఐ రీచ్ హోమ్." వెన్ ముక్క ముందుంటే మధ్యలో కామా పెడతాం, వెనకుంటే అక్కర్లేదు. రెండు వరసల్లోనూ నోరు తిరిగేదాకా వదలొద్దు.

అంటిల్ దగ్గర ఒక గొయ్యి ఉంది. "ఆయన రానంతవరకు నేను వెళ్లను" అనుకుని "అంటిల్ హి డజంట్ కమ్" అనేస్తాం. "రానంతవరకు"ని మనసులోనే "వచ్చేదాకా" అని మార్చుకోండి. అప్పుడు "ఐ వోంట్ గో అంటిల్ హి కమ్స్" దానంతటదే వస్తుంది.

2. అదే అచ్చులో ఇఫ్ పోయండి

మొదటి మెట్టు గట్టిపడ్డాక ఇఫ్‌కి కొత్త రూల్ ఏమీ లేదు. "ఇఫ్ ఇట్ రెయిన్స్, వుయ్ విల్ స్టే ఇన్‌సైడ్." తేడా అర్థంలోనే. ఖాయంగా జరిగేదానికి వెన్, జరగొచ్చు జరక్కపోవచ్చు అనేదానికి ఇఫ్. మన "వస్తే" రెండింటికీ పనికొస్తుంది కాబట్టి ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. "వెన్ ఐ గెట్ ద జాబ్" అంటే ఉద్యోగం వచ్చినట్టే మాట్లాడుతున్నారని, "ఇఫ్ ఐ గెట్ ద జాబ్" అంటే ఇంకా తేలలేదని.

దీనికి నాకు బాగా నచ్చిన సాధన గొలుసు వాక్యాలు. ముందు వాక్యంలోని ఫలితమే తర్వాతి వాక్యంలో షరతు కావాలి:

"ఇఫ్ ఐ స్లీప్ లేట్, ఐ విల్ మిస్ ద ట్రెయిన్. ఇఫ్ ఐ మిస్ ద ట్రెయిన్, ఐ విల్ బి లేట్. ఇఫ్ ఐ యామ్ లేట్, దే విల్ స్టార్ట్ వితౌట్ మి."

"విల్ మిస్" కాస్తా తర్వాతి వాక్యంలో "మిస్" అయిపోయింది, "విల్ బి" కాస్తా "యామ్" అయింది. ఆ విల్‌ని వదిలేయడమే మన నోటికి రానిది, ఈ ఆటలో అదే పదేపదే జరుగుతుంది. ఇద్దరుంటే చెరో వాక్యం అందుకోండి. ఒక్కరే ఉంటే రికార్డర్ ఆన్ చేసి ఎనిమిది వాక్యాల దాకా లాగండి. కథ పిచ్చిపిచ్చిగా పోయినా ఫర్వాలేదు, అలా పోతేనే టెన్షన్ తగ్గి నోరు సాఫీగా సాగుతుంది.

ఎప్పుడూ నిజమయ్యే వాటికి రెండు వైపులా ప్రెజెంటే: "ఇఫ్ యూ హీట్ ఐస్, ఇట్ మెల్ట్స్." ఇంతకన్నా దీని మీద సమయం పెట్టనక్కర్లేదు.

అన్‌లెస్‌లో "కాకపోతే" ముందే ఉంది, మళ్లీ నాట్ చేర్చొద్దు: "అన్‌లెస్ యూ హరీ, యూ విల్ బి లేట్." ఇక ఇన్ కేస్ ముందుజాగ్రత్త మాట. "టేక్ యాన్ అంబ్రెల్లా ఇన్ కేస్ ఇట్ రెయిన్స్" అంటే వాన వస్తుందేమో, ఇప్పుడే తీసుకెళ్లు అని. ఇక్కడ ఇఫ్ పెడితే, వాన వస్తేనే గొడుగు తీసుకో అన్నట్టు అవుతుంది.

3. విల్ ఉండాల్సిన చోటు గుర్తుపట్టండి

వెన్, ఇఫ్ కనబడగానే విల్‌ని కొట్టేయడం అలవాటయ్యాక కొత్త తప్పు మొదలవుతుంది. ఈ రెండూ పోల్చండి:

"టెల్ మి వెన్ హి కమ్స్." ఆయన వచ్చినప్పుడు నాకు చెప్పు.

"టెల్ మి వెన్ హి విల్ కమ్." ఆయన ఎప్పుడు వస్తాడో చెప్పు.

రెండూ సరైనవే, అడిగే విషయం వేరు. రెండోదాంట్లో వెన్ ఒక ప్రశ్నను మోస్తోంది, అందుకే విల్ నిలిచింది. "ఐ డోంట్ నో ఇఫ్ హి విల్ కమ్" కూడా అలాంటిదే, వస్తాడో రాడో తెలియదని. జరగబోయేదాని గురించి తెలుగులో క్రియ చివర "-ఓ" వస్తే (ఎప్పుడు వస్తాడో, వస్తాడో రాడో) విల్ ఉంచండి.

4. జరగని దానికి ఒక అడుగు వెనక్కి

"టైమ్ ఉంటే వచ్చేవాణ్ణి" అన్న మాట ఈరోజు గురించీ అనొచ్చు, నిన్నటి గురించీ అనొచ్చు. ఇంగ్లీషు మాత్రం ఏదో ఒకటి తేల్చమంటుంది. కాబట్టి నోరు తెరిచే ముందు ఒకటే ప్రశ్న: ఇప్పటి సంగతా, అప్పటి సంగతా?

ఇప్పటిదైతే: "ఇఫ్ ఐ హాడ్ టైమ్, ఐ వుడ్ కమ్." అప్పటిదైతే: "ఇఫ్ ఐ హాడ్ హాడ్ టైమ్, ఐ వుడ్ హావ్ కమ్." రెండు హాడ్‌లు చూసి అచ్చుతప్పు అనుకోకండి. క్రియ కాలంలో ఒక్కో అడుగు వెనక్కి జరిగితే, ఇది ఊహే తప్ప నిజం కాదని చెప్పినట్టు.

సాధనకి ఊహల నుంచి కాకుండా నిజాల నుంచి మొదలుపెట్టండి. నిజాన్ని "సో" (కాబట్టి) పెట్టి రాసి, రెండు ముక్కలనూ తిరగేయాలి. అవును అన్నది కాదు అవుతుంది, కాదు అన్నది అవును అవుతుంది.

"ఇట్ రెయిన్డ్, సో ద మ్యాచ్ స్టాప్డ్." తిరగేస్తే: "ఇఫ్ ఇట్ హాడంట్ రెయిన్డ్, ద మ్యాచ్ వుడంట్ హావ్ స్టాప్డ్."

"ఐ డోంట్ నో హర్ నంబర్, సో ఐ కాంట్ కాల్ హర్." తిరగేస్తే: "ఇఫ్ ఐ న్యూ హర్ నంబర్, ఐ కుడ్ కాల్ హర్."

ఒక్కోసారి కారణం నిన్నటిది, ఫలితం ఈరోజుది అవుతుంది. అప్పుడు ఏ ముక్క కాలం ఆ ముక్కదే: "ఇఫ్ ఐ హాడ్ స్లెప్ట్ వెల్ లాస్ట్ నైట్, ఐ వుడంట్ బి టైర్డ్ నౌ."

"ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్" అని కొందరు ఇంగ్లీషు వాళ్ల మాటల్లోనే వినిపిస్తుంది, కానీ పరీక్షల్లోనూ రాతలోనూ తప్పు కిందే లెక్క. "ఇఫ్ ఐ వర్ యూ" (నేనే నీ స్థానంలో ఉంటే) మాత్రం ఉన్నదున్నట్టు నేర్చేసుకోండి. సలహా ఇవ్వడానికి రోజూ పనికొస్తుంది.

5. రికార్డింగ్ విని దిద్దుకోండి

మీ రికార్డింగ్ వినేటప్పుడు ఉచ్చారణ, వేగం అన్నీ ఒకేసారి చూసుకుంటే ఏదీ దొరకదు. మొదటి వారం విల్ ఎక్కడ పడిందో మాత్రమే వినండి. ఇఫ్, వెన్ ముక్కలో పడితే ఆపి, ఆ వాక్యాన్నే సరిచేసి మళ్లీ చెప్పండి. తర్వాతి వారం వుడ్‌ని పట్టుకోండి.

ఇతరుల మాటలు వినేటప్పుడు ఐ వుడ్, ఐ హాడ్ రెండూ నలిగిపోయి "ఐడ్" అని ఒకేలా వినబడతాయి. తర్వాతి క్రియే దాన్ని పట్టిస్తుంది. "ఐడ్ గో" అంటే వుడ్, "ఐడ్ గాన్" అంటే హాడ్. ఏదైనా ఇంటర్వ్యూ వీడియో పెట్టుకుని, "ఐడ్" వినబడిన చోటల్లా ఆపి, అది ఏదో పైకి చెప్పి, అప్పుడు సబ్‌టైటిల్ చూసుకోండి. సబ్‌టైటిల్‌లోనూ కుదించే రాస్తే తర్వాతి క్రియ ఏ రూపంలో ఉందో చూసి తేల్చుకోవచ్చు.