అంగీ ఒంటికి అమరనప్పుడు: మగవారి దుస్తులలో సమస్యలు, పరిష్కారాలు

బాగా కనిపించడం లేదని అనిపించగానే హన్మకొండ చౌరస్తాకో, వరంగల్ బట్టల బజారుకో వెళ్లి కొత్త జత కొనడం మనలో చాలామందికి అలవాటు. అయితే లోపం ఎక్కడుందో తెలుసుకోకుండా కొన్న కొత్త జతలోనూ అదే లోపం ఉంటుంది. అందుచేత ముందు లక్షణాన్ని గుర్తించి, దాని కారణాన్ని వెతికి, ఆ తర్వాతే డబ్బు ఖర్చు చేయాలి.

అంగీ ఖరీదైనదే, కాని ఒంటికి అమరడం లేదు

అద్దం ముందు నిలబడి మొదట భుజం కుట్టును చూడాలి. అది భుజం ఎముక అంచున ఉండాలి. చేతి మీదికి జారితే అంగీ పెద్దదని, మెడ వైపు లాగితే చిన్నదని అర్థం. పై గుండీ పెట్టుకున్నాక కాలరుకూ మెడకూ నడుమ రెండు వేళ్లు పట్టాలి. చేయి కిందికి వదిలినప్పుడు పొడుగు చేతుల అంచు మణికట్టు ఎముక దగ్గర ఆగాలి. గుండీల మధ్య బట్ట విచ్చుకుంటుంటే ఛాతీ దగ్గరో పొట్ట దగ్గరో బిగువుగా ఉందన్నమాట.

రెడీమేడ్ అంగీలను 38, 40, 42 అనే కొలతలతో సగటు శరీరానికి కుడతారు. పొట్ట ఉన్నవారు పొట్ట దగ్గర గుండీ పడే కొలతనే ఎంచుకుంటారు కాబట్టి భుజాలు జారిపోతాయి. నా అభిప్రాయంలో మన ప్రాంతపు మగవారి దుస్తులలో ఇంతకంటే పెద్ద లోపం లేదు. భుజం సరిపోయే కొలతనే కొనాలి. పక్కలు లోపలికి పట్టించడం, పొడవు తగ్గించడం దర్జీకి చిన్న పని. భుజం సవరించాలంటే మాత్రం చేతులు విప్పి మళ్లీ కుట్టాలి, ఒక్కోసారి ఆ ఖర్చుకు ఫలితం దక్కదు.

భుజానికి ఒక కొలత, పొట్టకు మరొక కొలత అవసరమైనవారు కుట్టించుకోవడమే మేలు. సగటు ఒడ్డూ పొడుగూ ఉన్నవారి పొడుగు చేతుల అంగీకి 58 అంగుళాల పన్నా (బట్ట వెడల్పు) అయితే సుమారు 1.6 మీటర్లు, 36 అంగుళాల పన్నా అయితే సుమారు 2.25 మీటర్ల బట్ట పడుతుంది. నూలు బట్టను కత్తిరించకముందే తడిపి ఆరబెట్టించాలి. లేకపోతే మొదటి ఉతుకుల్లోనే కుంచించుకుపోయి, తీసుకున్న కొలతలకు అర్థం లేకుండా పోతుంది. కొలతలతో పాటు మీకు బాగా అమరిన పాత అంగీని కూడా దర్జీ చేతికివ్వండి. దసరాకు, పెళ్లి ముహూర్తాలకు ముందు దర్జీలకు ఊపిరాడదు కాబట్టి నెల ముందుగానే ఇస్తే పని నిదానంగా, శుభ్రంగా జరుగుతుంది.

బీరువా నిండా బట్టలే, వేసుకోవడానికి ఏమీ లేదు

ఇందుకు కారణం చాలావరకు మన ఆచారమే. పెళ్లిళ్లలో, గృహప్రవేశాలలో పెట్టిన బట్టలు ఎవరో ఎంచిన రంగులతో కుప్పగా చేరుతాయి. వాటికి తోడు, ఒక్కో పండుగకు ఒక్కో జత కొంటాం. ఏ అంగీకి ఏ ప్యాంటు నప్పుతుందో ఎవరూ ఆలోచించరు.

ఒక సెలవు రోజున అన్నింటినీ మంచం మీద పరచి, కనీసం రెండు ప్యాంట్ల మీదికి నప్పే అంగీలను ఒక పక్కన పెట్టండి. ముదురు నీలం, బూడిద, ఖాకీ రంగుల సాదా ప్యాంట్లు మూడు, తెలుపు, లేత నీలం వంటి సాదా అంగీలు నాలుగైదు ఉంటే మిగతావాటికి ఆధారం దొరుకుతుంది. పోచంపల్లి ఇక్కత్ అంగీ వంటి నిండైన నమూనాకు సాదా ప్యాంటే అందం. పెట్టిన బట్టలలోని అంగీ ముక్కనూ ప్యాంటు ముక్కనూ జతగానే కుట్టించాలన్న నియమం లేదు. విడదీసి, మీ దగ్గరున్న వాటితో కలిపి చూస్తే పెట్టినవారి ప్రేమ కూడా వాడుకలోకి వస్తుంది.

మధ్యాహ్నానికి అంగీ వీపుకు అంటుకుపోతోంది

మే నెలలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. సాధారణ వాతావరణంలో నూలు తన బరువులో దాదాపు 8 శాతం తేమను పట్టి ఉంచుకోగలదు. పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. చెమట బట్టలోకి ఇంకక ఒంటి మీదే నిలవడానికి కారణం ఇదే. సిరిసిల్ల మరమగ్గాలపై పాలిస్టర్ ఎక్కువగా నేస్తారు కాబట్టి, మన దగ్గర తయారైనదన్న మాట విని నూలేనని అనుకోరాదు. ఒక పోగు తీసి జాగ్రత్తగా కాల్చి చూడండి: నూలు కాగితం కాలిన వాసనతో మెత్తని బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. ఎండాకాలానికి పలుచని నూలు, మెట్‌పల్లి ఖాదీ, లినెన్ హాయిగా ఉంటాయి. లినెన్ నలగడం ఆ నార స్వభావం, అది లోపం కాదు. వేసవి రిసెప్షన్‌కు కోటు తప్పదనుకుంటే లోపలి అస్తరు సగమే వేయించండి.

తెల్ల అంగీ మసకబారింది, చంకల్లో పసుపు పడింది

ఇవి రెండు వేరు వేరు జబ్బులు. మసకకు కారణం ఎక్కువగా బోరు నీళ్లు. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి బట్టపై పొరగా నిలుస్తాయి. సబ్బు బిళ్లకు బదులు డిటర్జెంట్ వాడి, బాగా జాడించాలి. చంకల్లో పసుపు చాలావరకు చెమటను ఆపే పూతలలోని అల్యూమినియం లవణాల వల్ల వస్తుంది. దానిపై క్లోరిన్ బ్లీచ్ పోస్తే మరక మరింత ముదరవచ్చు. వంట సోడాను 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిపి రాసి, అరగంట తర్వాత ఉతకండి. ఇది తెల్ల నూలు బట్టకే, రంగు బట్టకు పనికిరాదు.

ప్యాంటు అంచు బూట్ల మీద ముడతలు పడుతోంది

పొడవు ఎక్కువైంది, అంతే. రోజూ వేసుకునే బూట్లతోనే దర్జీ దగ్గర నిలబడి, అంచు బూటు పైభాగాన్ని తాకీ తాకనట్టు గుర్తు పెట్టించుకోండి. చెప్పులతో కొలత ఇస్తే తేడా వస్తుంది. అదనపు బట్టను కత్తిరించకుండా లోపలికి మడిచి కుట్టమనండి. ముఖ్యంగా ఎదిగే అబ్బాయిల ప్యాంట్లకు అది వచ్చే ఏడాది విప్పుకోవడానికి పనికొస్తుంది.