మెటల్ వినడం నేర్చుకుందాం – 7వ పాఠం: మంద్రానికి దిగిన గొంతు

పోయిన పాఠంలో బేస్ గిటార్‌ను మిగతా వాద్యాల నుంచి విడదీసి వినడం సాధన చేశాం. ఈసారి గొంతు సంగతి. గాయకుడు మారితే ఒక బ్యాండ్ రంగు ఎలా మారుతుందో చెవితో పట్టుకోవాలి. అందుకు నేను ఎంచుకున్నది ఇంగ్లండ్‌కు చెందిన హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ పదో స్టూడియో ఆల్బమ్ 'ది ఎక్స్ ఫ్యాక్టర్'. 1995లో వచ్చింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ఫోన్ స్పీకర్‌తో కుదరదు, ఎందుకంటే ఈ ఆల్బమ్‌లో అసలు సారమంతా కింది స్వరాల్లో ఉంది.

ముందు కొంచెం కథ. గాయకుడు బ్రూస్ డికిన్సన్ 1993లో బ్యాండ్ వదిలి వెళ్ళాడు. తారస్థాయిలో నిలబడి గర్జించే గొంతు అతనిది. ఆ చోటికి వుల్ఫ్స్‌బేన్ అనే బ్యాండ్‌లో పాడే బ్లేజ్ బేలీ వచ్చాడు. అతనిది బారిటోన్, అంటే మంద్రం వైపు మొగ్గే గొంతు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఐరన్ మెయిడెన్ బేసిస్ట్ స్టీవ్ హారిస్ విడాకుల బాధలో ఉన్నాడు. ఈ పాటల్లో చాలావాటి మీద రచయితగా అతని పేరుంది. యుద్ధం, ఒంటరితనం, విశ్వాసం సడలడం, అన్నీ ఇందులోకి వచ్చి చేరాయి.

ఇప్పుడు మొదటి పాట 'సైన్ ఆఫ్ ది క్రాస్' పెట్టండి. పదకొండు నిమిషాలు దాటుతుంది, ఓపిక పట్టండి. మొదట సన్యాసుల బృందగానం వినిపిస్తుంది. తర్వాత బేస్ మెల్లగా కదులుతుంది, దాని పక్కనే బ్లేజ్ దాదాపు గుసగుసగా మొదలుపెడతాడు. మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి ఆధార శ్రుతి ఏదో వెతికి, నోరు మూసి దాన్నే హమ్ చేస్తూ వినండి. గొంతు మీ శ్రుతికి ఎంత దగ్గరగా తిరుగుతోందో గమనించండి. గిటార్లు ఒక్కసారిగా విరుచుకుపడే చోట కూడా అతను పైకి పరుగెత్తడు. చీకటి అనిపించడానికి ఒక కారణం అక్కడే ఉంది.

ఇంకో కారణం స్కేల్, అంటే పాట వాడుకునే స్వరాల వరస. ఐరన్ మెయిడెన్ ఎక్కువగా వాడే నేచురల్ మైనర్ స్వరాలు మన నఠభైరవి రాగం స్వరాలే. సంగీతం నేర్చుకున్నవారు ముందు శంకరాభరణం పాడి, ఆ తర్వాత గాంధారం, ధైవతం, నిషాదం మూడూ అర మెట్టు తగ్గించి పాడి చూడండి. గమకాలు వద్దు. ముఖం మీద వెలుగు తగ్గినట్టు మీకే తెలుస్తుంది.

ఇక అసలు సాధన. బ్రూస్ 1999లో తిరిగొచ్చాక, 2001 జనవరిలో రియో డి జనీరో కచేరీలో ఇదే పాట పాడాడు. రికార్డు దొరుకుతుంది. రెండూ వెంట వెంటనే వినండి. ముసుగులేసుకున్న పదకొండు మంది తన పాపాలు కడగడానికి వస్తుంటే చూస్తున్న మనిషి ఈ పాటలో ఉన్నాడు. బ్రూస్ గొంతులో ఆ మనిషి రంగస్థలం మీద నిలబడి ఎదిరిస్తున్నాడు. బ్లేజ్ గొంతులో నిజంగానే భయపడుతున్నాడు. నాకు బ్లేజ్ పాడిందే ఎక్కువ పట్టేస్తుంది. వేదిక మీద బ్రూస్ పాత పాటల ఎత్తు అందుకోవడం బ్లేజ్‌కి కష్టమైన మాట నిజమే. ఆ కొలతతోనే ఈ ఆల్బమ్‌ని కొట్టిపారేయడం మాత్రం చాలా అన్యాయం.

ఈ వారం ఇంటిపని: 'బ్లడ్ ఆన్ ది వరల్డ్స్ హ్యాండ్స్' వినండి. హారిస్ ఒక్కడే బేస్ మీద మొదలుపెడతాడు కాబట్టి పోయిన పాఠం కూడా తిరగేసినట్టవుతుంది. తర్వాత 'మ్యాన్ ఆన్ ది ఎడ్జ్'. ఇది వేగంగా పరుగెత్తే చిన్న పాట. అంత వేగంలో బ్లేజ్ గొంతు బరువు తగ్గిందా, అలాగే ఉందా? మీకు అనిపించింది నోట్‌బుక్‌లో రెండు వాక్యాలు రాసుకోండి. వచ్చే పాఠంలో నికో మెక్‌బ్రెయిన్ డ్రమ్స్ దగ్గర ఆ వాక్యాలు మళ్ళీ తీద్దాం.