పాత టేకు బీరువా ఇంటికి తెచ్చే ముందు

ముందు టేపుతో గుమ్మం, మెట్ల మలుపు కొలవండి. కావలి నుంచి మా తాతగారి బీరువా నెల్లూరు తెచ్చినప్పుడు ఈ పని మరిచి, వీధిలోనే తలుపులు ఊడదీయాల్సి వచ్చింది.

అసలు చూడాల్సింది వెనక పలక, కాళ్లు. పైకి టేకే అయినా వెనక చవక చెక్క ఉండొచ్చు. సన్నటి రంధ్రాల నుంచి పిండిలాంటి పొడి రాలుతుంటే పుచ్చు పురుగు ఇంకా లోపలే ఉన్నట్టు. మట్టి గీతలుంటే చెదలు. వార్నిష్ మెరుపు చూసి మురిసిపోకుండా, అడుగున స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి. మందు కొట్టిస్తే పూర్తిగా ఆరాకే లోపలికి.

సొరుగులు ఖాళీ చేసి, తాళంచెవి విడిగా దాచండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన నెల్లూరు వైపు వానలు. చెక్క ఉబ్బి తలుపులు బిగుస్తాయి. కంగారుపడి వడ్రంగితో చిత్రిక పట్టించకండి, ఎండలొచ్చాక సందు పడుతుంది. గోడకి నాలుగు వేళ్ల ఎడం వదలండి.