పాత గేమ్‌ను రీమేక్ చేయాలనుకునే చిన్న బృందం పనిని ఎక్కడ మొదలుపెట్టాలి

కథ ఉంది, పాత్రలున్నాయి, ఆడినవారి అభిమానం కూడా ఉంది కాబట్టి బొమ్మలు కొత్తగా గీస్తే రీమేక్ పూర్తవుతుందని చాలామంది అనుకుంటారు. ఈ అంచనా ఎంత తప్పో తెలుసుకోవడానికి మన దేశంలో మొదలైన ఒక పనినే చూడవచ్చు. 2003లో మాంట్రియల్‌లో తయారైన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది సాండ్స్ ఆఫ్ టైమ్’ రీమేక్‌ను గేమ్ సంస్థ యూబీసాఫ్ట్ తన పుణె, ముంబయి స్టూడియోలకు అప్పగించి, 2020 సెప్టెంబరులో ప్రకటించింది. అది రెండుసార్లు వాయిదా పడి, 2022లో మాంట్రియల్‌కు తరలి, చివరికి 2026 జనవరిలో రద్దయింది. భారతీయ స్టూడియోలు ముందు నిలిచి నడిపిన ఇంత పెద్ద పని ఇలా ముగియడం నాకు నిజంగా బాధ కలిగించింది. అందుకే, ఇద్దరు ముగ్గురితో రీమేక్ మొదలుపెట్టాలనుకునేవారి కోసం కూడా, పని ఎక్కడెక్కడ చెడుతుందో, ముందుగా ఏం చేసుకోవాలో ఇక్కడ రాస్తున్నాను.

మొదటి పని హక్కుల సంగతి తేల్చుకోవడం. పాత గేమ్ తీసిన సంస్థ మూతపడినంత మాత్రాన హక్కులు గాలిలో కలిసిపోవు. 1994 నాటి ‘సిస్టమ్ షాక్’ను తయారుచేసిన లుకింగ్ గ్లాస్ 2000లో మూతపడిన తరువాత ఆ గేమ్ హక్కులు ఒక బీమా సంస్థ చేతికి వెళ్లాయి. యజమాని ఎవరో తెలిసి, రాతపూర్వక అనుమతి చేతికి వచ్చేదాకా ఒక్క బొమ్మ కూడా గీయకండి.

అనుమతి దొరికాక మూలసామగ్రిని అడగాలి. సోర్స్ కోడ్ (గేమ్‌ను నడిపే ప్రోగ్రామ్ అసలు రాత), శబ్దాల అసలు రికార్డింగులు, యానిమేషన్ ఫైళ్లు, డిజైన్ పత్రాలు ఏవి మిగిలాయో జాబితా రాసుకుని, ప్రతి ఫైలూ విడుదలైన ప్రతికి చెందినదేనా అని సరిచూసుకోవాలి. పాత భయానక గేమ్‌లను మళ్లీ తెచ్చిన ‘సైలెంట్ హిల్ హెచ్‌డీ కలెక్షన్’ బృందానికి అందినది పూర్తికాని దశలోని కోడ్. అప్పటికే ఒకసారి సరిదిద్దిన లోపాలను వారు మళ్లీ వెతికి సరిదిద్దవలసి వచ్చింది. 2012లో అది విడుదలైనప్పుడు అందులోని ‘సైలెంట్ హిల్ 2’లో పొగమంచు పలచబడి, ఆ మంచు దాచి ఉంచవలసినవి కంటికి కనిపించాయి. అది రీమేక్ కాదు, పాత గేమ్‌కే మెరుగులు దిద్దిన రీమాస్టర్ మాత్రమే. అంత పరిమితమైన పనిలోనే అలా జరిగిందంటే, పూర్తిగా కొత్తగా కట్టేవారు ఇంకెంత జాగ్రత్తగా ఉండాలో ఊహించుకోవచ్చు.

ఆ తరువాతిది అన్నిటికంటే ముఖ్యమైన పని: మారకూడనిది ఏమిటో ఒకే పేజీలో రాసుకోవడం. ‘సాండ్స్ ఆఫ్ టైమ్’లో రాకుమారుడు తన కథను తానే చెబుతుంటాడు. ఆటగాడు గోడ మీద పరుగెత్తి, దూకి, గురి తప్పి అగాధంలో పడి చనిపోతే, కథ అలా జరగలేదంటూ రాకుమారుడి గొంతే తన మాటను సవరించుకుంటుంది. కాలాన్ని వెనక్కి తిప్పే బాకు, గోడ మీద పరుగు, ఈ గొంతు మూడూ ఒకే ఊహలోంచి పుట్టాయి. వాటిలో ఒకటి బలహీనపడినా ఎంత అందమైన బొమ్మలు వేసినా అది ఆ గేమ్ అనిపించుకోదు. మీ గేమ్‌లో అలాంటిది ఏదో తేల్చడానికి జ్ఞాపకాన్ని నమ్మకండి. అసలు గేమ్‌ను మళ్లీ మొదటినుంచి చివరిదాకా ఆడి, తెరనూ బటన్లు నొక్కే వేళ్లనూ కలిపి వీడియో తీయండి. దాన్ని ఫ్రేమ్ (తెర మీద వరుసగా మారే ఒక్కో బొమ్మ) తరువాత ఫ్రేమ్‌గా చూస్తూ, బటన్ నొక్కాక పాత్ర పాదం ఎన్నో ఫ్రేమ్‌లో నేల విడిచిందో లెక్కపెట్టండి. సెకనుకు 60 ఫ్రేములు నడిచే గేమ్‌లో 6 ఫ్రేములంటే సెకనులో పదో వంతు. అది 12 ఫ్రేములైతే, ఎందుకో చెప్పలేకపోయినా, ఆటగాడికి పాత్ర బరువెక్కినట్లు అనిపిస్తుంది.

ఈ కొలతలు చేతిలో ఉంచుకుని గేమ్‌లోని ఒక్క గదిని మాత్రమే పూర్తిచేయండి. వెలుగు, శబ్దం, శత్రువు, మెనూ అన్నీ విడుదలకు సిద్ధమైన స్థాయిలో ఉండాలి. అసలు గేమ్‌ను బాగా ఆడినవారిని పిలిచి కంట్రోలర్ వారికిచ్చి, మీరు మాట్లాడకుండా వారి వేళ్లను గమనించండి. ఆలోచించకుండానే పాత అలవాటు ప్రకారం బటన్ నొక్కి, అనుకున్నది జరగక వేలు ఒక క్షణం ఆగిన చోటల్లా గుర్తుపెట్టుకోండి. నోటితో వారు బాగుందనే అంటారు కాబట్టి ఆ వేళ్లనే నమ్మాలి. ఆ గదికి పట్టిన రోజులను మొత్తం గదుల సంఖ్యతో హెచ్చవేస్తే మీ అసలు కాలవ్యవధి తెలుస్తుంది. సాధారణంగా అది భయపెట్టే అంకె. భయపడవలసిన సమయం కూడా ఇదే.

ఇక పని పెరిగిపోవడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నైట్‌డైవ్ స్టూడియోస్ 2016లో ‘సిస్టమ్ షాక్’ రీమేక్ కోసం, జనం నుంచి చందాలు సేకరించే వెబ్‌సైట్ కిక్‌స్టార్టర్‌లో 9 లక్షల డాలర్లు కోరితే 13 లక్షలకు పైగా వచ్చాయి. మొదట యూనిటీ ఇంజిన్‌లో (గేమ్‌ను కట్టడానికి వాడే సాఫ్ట్‌వేర్) చూపించిన గేమ్‌ను 2017లో అన్‌రియల్ ఇంజిన్‌కు మార్చారు. డబ్బుతో పాటు ఆశలు, బృందం, ఆలోచనలు కూడా పెరిగి, గేమ్ మొదట మాటిచ్చిన రూపానికి దూరమైంది. నేల విడిచి సాము చేయడమంటే ఇదే. 2018 ఫిబ్రవరిలో సంస్థ అధిపతి స్టీఫెన్ కిక్ ఈ సంగతి బహిరంగంగా ఒప్పుకుని, పనిని కొంతకాలం ఆపి, మొదటి ఊహకు తిరిగి వచ్చారు. గేమ్ 2023 మే 30న పీసీలో విడుదలై మంచి పేరు తెచ్చుకుంది. ఆపడానికి వారికి ధైర్యం ఉండబట్టే ఇది సాధ్యమైందని నేను నమ్ముతాను. మీ బృందంలో చేర్పుల కోసం వేరే పుస్తకం పెట్టండి. కొత్త ఆలోచన ఏది వచ్చినా వెంటనే చేయకుండా అందులో రాసి, నెలకోసారి మారకూడనిది రాసుకున్న పేజీ పక్కన పెట్టి చదవండి. చేర్చాలనుకుంటే, దాని బదులు ఏ పని తీసేస్తారో కూడా అదే వరుసలో రాయండి. ఇంజిన్ మార్చాలని ఎవరైనా అంటే, పూర్తయిన గదిని కొత్త ఇంజిన్‌లో మళ్లీ కట్టి చూపమనండి.

విడుదల తేదీ విషయంలో పుణె, ముంబయి జట్ల అనుభవం గుర్తుంచుకోవాలి. 2020 సెప్టెంబరులో ట్రైలర్ వచ్చినప్పుడు విడుదల 2021 జనవరి 21 అన్నారు. ముఖాలు, వెలుగునీడలు పాతకాలం నాటివిగా ఉన్నాయని విమర్శలు రాగా, తేదీ మొదట మార్చి 18కి మారి, ఆపై అసలు తేదీయే లేకుండా పోయింది. ప్రకటనకూ విడుదలకూ మధ్య నాలుగు నెలలే ఉంటే, విమర్శలో న్యాయం ఉందని ఒప్పుకున్నా సరిదిద్దుకునే వ్యవధి ఉండదు. కాబట్టి గేమ్ మొదలునుంచి ముగింపుదాకా ఆగకుండా ఆడగలిగే స్థితికి రాకముందు తేదీ చెప్పకండి. పూర్తయిన గదిని మాత్రం తేదీ లేకుండానే బయటివారికి ఎంత ముందుగా చూపితే అంత మంచిది.

పని చేతులు మారడం కూడా జరుగుతుంది, దానివల్ల గేమ్ చెడిపోవాలనేమీ లేదు. ‘ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్’ పనిని బయటి స్టూడియో సైబర్‌కనెక్ట్2 నుంచి తన సొంత బృందానికి మార్చుకుంటున్నట్లు స్క్వేర్ ఎనిక్స్ 2017లో తెలిపింది. మొదటి భాగం 2020 ఏప్రిల్ 10న విడుదలై ఆదరణ పొందింది. మీ దగ్గర కూడా ఒకరు మధ్యలో వెళ్లిపోవచ్చు. అందుకని ప్రతి శుక్రవారం ఆ వారపు బిల్డ్‌ను (ఆడగలిగే రూపంలో తయారైన గేమ్ ప్రతిని) తేదీతో భద్రపరచి, దాని పక్కనే ఆ వారం ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో, ఏది ప్రయత్నించి వదిలేశారో నాలుగు వాక్యాల్లో రాసి ఉంచండి. కొత్తగా వచ్చినవారికి మొదటిరోజు ఇవ్వవలసినవి మూడు: ఆ రాతలు, మారకూడనిది రాసుకున్న పేజీ, అసలు గేమ్ ప్రతి. కోడ్ రెండో రోజు ఇవ్వవచ్చు.