చార్టు మీద పేర్లే కాదు, ఎవరి పని ఏదో కూడా రాయండి

అనంతపురం జిల్లాలో పిల్లల టీమ్ ఒకటి సైన్స్ ఫెయిర్ కోసం బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చూస్తోందనుకుందాం. ఎండలో ఊళ్లు తిరిగి నీళ్లు పట్టుకొచ్చేది ఒకరు, పరీక్షలు చేసేది ఇంకొకరు. కానీ పేరంతా మైకు పట్టుకున్నవాళ్లకే వస్తుంది. ఇది అన్యాయం.

అందుకే మొదటి రోజే ఒక నోటుబుక్ పెట్టండి. తేదీ, చేసిన పని, చేసినవాళ్ల పేరు, అంతే. పని అయిన రోజే రాయాలి, ఆఖర్లో గుర్తు తెచ్చుకుని రాస్తే గొడవలే. శాంపిల్ సీసాల లేబుల్ మీద కూడా ఊరు, తేదీ, పట్టినవాళ్ల పేరు ఉండాలి. రీడింగ్ తాగునీటిలో ఫ్లోరైడ్‌కు గరిష్ఠ హద్దయిన లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటి అనుమానం వస్తే ఎవరిని అడగాలో వెంటనే తెలుస్తుంది.

ఎవరు ఏ పని చేశారో చూపడానికి పరిశోధన పత్రికలు వాడే 'క్రెడిట్' (CRediT) పద్ధతిలో 14 రకాల పాత్రలు ఉన్నాయి. స్కూలు ప్రాజెక్టుకు ఆలోచన, సేకరణ, పరీక్ష, లెక్కలు, రాత, బొమ్మలు చాలు. ఒకే పనికి ఇద్దరుంటే ఇద్దరి పేర్లూ రాయండి. నీళ్లు పట్టుకోనిచ్చిన రైతుకు, కిట్ ఇచ్చిన ల్యాబ్‌కు కృతజ్ఞతలు విడిగా చెప్పాలి. టీచరు ఏ భాగం సరిచేశారో కూడా దాచకండి.

జడ్జీలు పరీక్ష గురించి అడిగితే, ఎంత మెల్లగా మాట్లాడినా సరే, ఆ పరీక్ష చేసిన అమ్మాయినే చెప్పనివ్వండి.